దేన్ని వదిలేయవచ్చు? ఉష్ణ, ప్రవాహ ఇంజినీరింగ్‌లో ఉన్నత విద్య

బొగ్గును మండించి విద్యుత్తు తీసే కేంద్రం, అంతరిక్షానికి ఉపగ్రహాన్ని మోసుకెళ్లే రాకెట్‌లోని క్రయోజెనిక్ ఇంజిన్, ఎండుమిరప బస్తాలను నిల్వ ఉంచే శీతల గిడ్డంగి, డేటా సెంటర్‌లో రాత్రింబగళ్లు పనిచేసే ప్రాసెసర్ వేర్వేరు పరిశ్రమలకు చెందినవే అయినా, వీటిని రూపొందించే ఇంజినీర్లు ఎదుర్కొనే సమస్యలన్నింటికీ మూలం ఒకటే. వేడి ఎక్కడ పుడుతుంది, ఏ ద్రవం లేదా వాయువు దాన్ని మోసుకుపోతుంది, ఎంత వేగంగా ఎక్కడికి చేరుస్తుంది అన్నదే ఆ మూల సమస్య. దీన్ని లోతుగా బోధించే కోర్సుకు విశ్వవిద్యాలయాలు థర్మల్ ఇంజినీరింగ్ అనీ, థర్మల్ అండ్ ఫ్లూయిడ్స్ ఇంజినీరింగ్ అనీ, థర్మో ఫ్లూయిడ్ ఇంజినీరింగ్ అనీ రకరకాల పేర్లు పెట్టాయి. మెకానికల్ ఇంజినీరింగ్‌లో భాగమైన ఈ శాఖను బి.టెక్ పూర్తిచేసినవారు రెండేళ్ల ఎం.టెక్‌గానో, పరిశోధనకే ప్రాధాన్యమిచ్చే ఎం.ఎస్.గానో చదువుతారు.

బి.టెక్ స్థాయిలోనే ఈ శాఖకు ఆధారమైన మూడు శాస్త్రాలూ విద్యార్థులకు పరిచయమవుతాయి. ఉష్ణం పనిగా మారే తీరునూ, ఆ మార్పునకు ప్రకృతి విధించిన హద్దులనూ చెప్పే థర్మోడైనమిక్స్ మొదటిది కాగా, ద్రవాలనూ వాయువులనూ కలిపి ప్రవాహులుగా పరిగణించి వాటి కదలికను వివరించే ప్రవాహి యాంత్రిక శాస్త్రం రెండోది. ఘనపదార్థాల గుండా వహనంగా, కదిలే ప్రవాహితోపాటు సంవహనంగా, మధ్యలో ఏ పదార్థమూ అవసరం లేని వికిరణంగా వేడి ఎంత వేగంతో బదిలీ అవుతుందో లెక్కగట్టే ఉష్ణ బదిలీ శాస్త్రం మూడోది. అయితే ఆ స్థాయిలో చదువు ఎక్కువగా స్టీమ్ టేబుల్స్ చూడడం, డేటా పుస్తకంలోని సూత్రాన్ని ఎంచుకుని అందులో సంఖ్యలు వేయడం, జవాబు రాబట్టడంతోనే ముగుస్తుంది. ఎం.టెక్‌కు వచ్చేసరికి ఆ సూత్రాన్నే విచారణకు పెట్టవలసి వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని రాబట్టినవారు ఏయే అంశాలను స్వల్పమని లెక్కలోంచి తప్పించారు, అలా తప్పించినవే ప్రధానమైపోయే సందర్భం ఏది అని అడగడం విద్యార్థి అలవాటు చేసుకోవాలి. దేన్ని వదిలేయవచ్చో, దేన్ని వదిలేస్తే లెక్క తప్పుతుందో తేల్చుకోగల వివేకమే ఈ చదువులో నిజంగా సంపాదించుకోవలసినది.

విశాఖపట్నం దగ్గర ఉన్న ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట 500 మెగావాట్ల యూనిట్ ఒకదాన్ని తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. అటువంటి యూనిట్‌లో ఆవిరి సుమారు 540 డిగ్రీల సెల్సియస్ వద్ద టర్బైన్‌లోకి ప్రవేశించి, పని చేసి, దాదాపు 45 డిగ్రీల వద్ద కండెన్సర్‌లో తిరిగి నీరవుతుంది. ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య పనిచేసే ఏ యంత్రానికైనా సామర్థ్యం సుమారు 61 శాతాన్ని మించదని, 1824లో ఫ్రెంచి ఇంజినీర్ సాదీ కార్నో ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి లెక్కగట్టవచ్చు. వాస్తవంలో ఇలాంటి యూనిట్ 38 శాతం దగ్గర ఆగిపోతుందనుకుంటే, బొగ్గు నుంచి వచ్చే ఉష్ణం సుమారు 1,300 మెగావాట్లు కాగా, అందులో 500 విద్యుత్తుగా మారి, దాదాపు 640 కండెన్సర్‌లోని చల్లటి నీటిలోకి, మిగిలినది ప్రధానంగా పొగగొట్టంలోకి పోతుంది. ఈ లెక్క చూసినవారెవరైనా నష్టమంతా కండెన్సర్‌లోనే జరుగుతోందని, దాన్ని అరికడితే చాలని అనుకుంటారు. బి.టెక్ పాఠం కూడా సాధారణంగా ఇక్కడే ఆగుతుంది.

ఎం.టెక్‌లోని ఉన్నత థర్మోడైనమిక్స్ ఈ నిర్ణయాన్ని తలకిందులు చేస్తుంది. ఉష్ణానికి పరిమాణం ఉన్నట్లే నాణ్యత కూడా ఉంటుంది, పరిసరాల కన్నా ఎంత ఎక్కువ వేడిగా ఉంటే అది అంత ఎక్కువ పనిగా మారగలదు. ఇలా పనిగా మార్చుకోగలిగిన గరిష్ఠ భాగాన్ని ఎక్సర్జీ అంటారు, 1956లో జోరాన్ రాంట్ దానికి ఆ పేరు పెట్టాడు. పరిసరాలు 30 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు 45 డిగ్రీల వద్ద కండెన్సర్ వదిలే 640 మెగావాట్ల ఉష్ణంలో ఎక్సర్జీ కేవలం 30 మెగావాట్లే కాబట్టి, ఎంత గొప్ప యంత్రాన్ని అక్కడ పెట్టినా అంతకు మించి రాబట్టడం సాధ్యం కాదు. అసలు నష్టం బాయిలర్‌లో జరుగుతోంది. బొగ్గు మండడం అనే క్రియలోనూ, వెయ్యి డిగ్రీలు దాటిన మంట తన వేడిని అంతకన్నా ఎంతో తక్కువ ఉష్ణోగ్రతలో ఉన్న నీటికి అందించడంలోనూ, శక్తి ఏమాత్రం పోకుండానే, పనిగా మారే యోగ్యత భారీగా నశిస్తుంది. అందుకే కొత్త విద్యుత్ కేంద్రాల రూపకర్తలు కండెన్సర్ మీద కన్నా ఆవిరి పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ పెంచి సూపర్ క్రిటికల్ స్థితికి చేర్చడం మీదనే ఎక్కువ శ్రమ పెట్టారు. ఒకే యంత్రాన్ని రెండు రకాల లెక్కలతో చూసినప్పుడు రెండు వేర్వేరు దోషులు కనిపిస్తారన్న ఈ గ్రహింపు ఒక్కటి దక్కినా, ఆ సెమిస్టర్ వృథా పోలేదని చెప్పవచ్చు.

ప్రవాహి శాస్త్రం దగ్గరికి వస్తే కష్టం మరో విధమైనది. ప్రవాహుల కదలికను శాసించే సమీకరణాలను 1822లో క్లాడ్ లూయీ నావియే, 1845లో జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్ రూపొందించారు. న్యూటన్ చెప్పిన చలన నియమాన్నే ప్రవాహిలోని ప్రతి చిన్న భాగానికీ వర్తింపజేసి, దాని పొరల మధ్య కలిగే లోపలి ఘర్షణను, అంటే స్నిగ్ధతను, అందులో చేర్చగా వచ్చినవి ఇవి. రాయడానికి ఒక పంక్తి చాలు గానీ, మూడు పరిమాణాల్లో వీటికి అన్ని వేళలా సజావైన పరిష్కారం ఉంటుందో లేదో గణితవేత్తలు నేటికీ నిరూపించలేకపోయారు. ఆ నిరూపణకు అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. సమీకరణాలు తెలిసీ సమాధానాలు చేతికందని ఈ పరిస్థితిలోనే ఇంజినీర్లు విమానాలనూ పంపులనూ నిర్మించుకుంటూ వచ్చారు.

వారికి దారి చూపిన మొదటి మెట్టు మాంచెస్టర్‌లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ 1883లో ప్రకటించిన ప్రయోగం. గాజు గొట్టంలో ప్రవహించే నీటిలోకి సన్నటి రంగుధారను వదిలినప్పుడు, వేగం తక్కువగా ఉంటే ఆ ధార తిన్నగా సాగిపోవడమూ, వేగం ఒక హద్దు దాటగానే సుడులు తిరిగి గొట్టమంతా కలిసిపోవడమూ అతడు గమనించాడు. మొదటిది పొరలు పొరలుగా సాగే స్తరీయ ప్రవాహం, రెండోది సంక్షోభ ప్రవాహం. ఈ రెంటిలో ఏది ఉంటుందన్నది వేగం, గొట్టపు వ్యాసం, స్నిగ్ధత విడివిడిగా నిర్ణయించవు, వేగాన్ని వ్యాసంతోనూ సాంద్రతతోనూ గుణించి స్నిగ్ధతా గుణకంతో భాగించగా వచ్చే రేనాల్డ్స్ సంఖ్య నిర్ణయిస్తుంది. మామూలు గొట్టాల్లో ఇది 2,300 దాటితే స్తరీయ ప్రవాహం నిలవడం కష్టం. ఇంట్లోని 20 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీటికి ఈ సంఖ్య దాదాపు 20,000 ఉంటుంది కనుక, మనుషులు నిత్యం వాడుకునే ప్రవాహాల్లో అధికభాగం సంక్షోభ ప్రవాహాలేనని గుర్తించాలి. పాఠ్యపుస్తకంలో అందంగా సాధించి చూపే ఉదాహరణలు మాత్రం ఎక్కువగా స్తరీయ ప్రవాహాలవి.

రెండో మెట్టు జర్మన్ ఇంజినీర్ లుడ్విగ్ ప్రాంట్ల్ వేసినది. స్నిగ్ధతను పూర్తిగా వదిలేసి లెక్క కడితే ప్రవాహంలో నిలకడగా కదిలే వస్తువుకు ఎలాంటి నిరోధమూ ఉండకూడదని 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి గణితవేత్త దలాంబేర్ చూపించాడు, అది అనుభవానికి పూర్తిగా విరుద్ధం. గాలి స్నిగ్ధత అత్యల్పం కాబట్టి వదిలేయవచ్చని బుద్ధి చెబుతుంటే, వదిలేయగానే జవాబు అసంబద్ధమవుతోంది. 1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో 29 ఏళ్ల ప్రాంట్ల్ చదివిన చిన్న వ్యాసం ఈ ముడిని విప్పింది. వస్తువు ఉపరితలాన్ని తాకి ఉన్న ప్రవాహి దానికే అంటుకుని నిలిచిపోతుందనీ, అక్కడి నుంచి బయటి వేగాన్ని అందుకునే దాకా ఉన్న పలచటి సరిహద్దు పొరలో మాత్రం స్నిగ్ధతను లెక్కలోకి తీసుకుని తీరాలనీ, ఆ పొర వెలుపల దాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చనీ అతడు చూపాడు. ఒకే అంశాన్ని ఒకచోట వదిలి, ఒకచోట పట్టుకోవాలన్న ఈ ఆలోచన నుంచే ఆధునిక వాయుగతిక శాస్త్రం పెరిగింది. ఎం.టెక్ ఉన్నత ప్రవాహి శాస్త్రం పాఠాల్లో ఎక్కువ కాలం ఈ పొర మీదనే గడపడానికి కారణం ఇదే.

ఉష్ణ బదిలీ కూడా ఇక్కడే ప్రవాహ శాస్త్రంతో ముడిపడుతుంది. గోడ నుంచి ప్రవాహిలోకి వెళ్లే వేడి అంతా ఆ పొరను దాటే వెళ్లాలి. వేగంలో మార్పు ఎంత దూరం వ్యాపిస్తుందో, ఉష్ణోగ్రతలో మార్పు ఎంత దూరం వ్యాపిస్తుందో పోల్చి చెప్పే ప్రాంట్ల్ సంఖ్య గాలికి సుమారు 0.7, గది ఉష్ణోగ్రతలోని నీటికి సుమారు 7. గొట్టాల్లోని సంక్షోభ ప్రవాహానికి విద్యార్థులందరూ కంఠస్థం చేసే డిట్టస్, బోల్టర్‌ల సూత్రం ఈ సంఖ్య 0.7 నుంచి 160 దాకా ఉన్న ప్రవాహులకే చెల్లుతుంది. కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో వేడిని మోసుకెళ్లే ద్రవ సోడియానికి ఇది 0.01 కన్నా తక్కువ. సోడియం లోహం కాబట్టి అందులో వేడి వహనం ద్వారానే ఎంతో దూరం పాకుతుంది, ఉష్ణపు పొర వేగపు పొరను దాటి చాలా లోపలికి విస్తరిస్తుంది, నీటికీ గాలికీ సరిపోయిన సూత్రం అక్కడ తప్పుడు జవాబు ఇస్తుంది. సూత్రం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఆ పరిధిని చదవడం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఎం.టెక్ స్థాయి పరిశోధన అంటే పట్టా కోసం రాసే లాంఛనమని భావించేవారు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ చరిత్రను ఒకసారి చూడాలి. అమెరికాలోని కాల్టెక్‌లో డాక్టరేట్ పొంది వచ్చిన సతీష్ ధవన్ దగ్గర 1950లలో రొద్దం నరసింహ చదువుకున్నారు. స్తరీయ సరిహద్దు పొర సంక్షోభ స్థితికి మారే దశలో అక్కడక్కడా సంక్షోభపు మచ్చలు పుట్టి, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అవి ఎక్కడపడితే అక్కడ పుట్టవనీ, ప్రవాహ దిశలో ఒక సన్నటి ప్రాంతంలోనే కేంద్రీకృతమై పుడతాయనీ ఊహిస్తే ప్రయోగ ఫలితాలు చక్కగా సరిపోతాయని నరసింహ 1957లో ప్రకటించారు. డాక్టరేట్ కోసం కాల్టెక్‌కు వెళ్లకముందే ఆయన చేసిన పని ఇది. గురుశిష్యులిద్దరూ కలిసి 1958లో వెలువరించిన వ్యాసాన్ని ఈ రంగంలోని పరిశోధకులు ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. పరిమితమైన వనరులున్న దేశంలో, సరైన ప్రశ్నను ఎంచుకుని ఓపికగా కొలతలు తీసుకున్న ఒక యువకుడి శ్రమకు దక్కిన ఆ గౌరవం ప్రతి ఎం.టెక్ తరగతిలోనూ చెప్పదగినది.

ఇప్పటి విద్యార్థులు ఎక్కువగా మొగ్గుచూపేది కంప్యూటర్‌తో ప్రవాహాన్ని గణించే పద్ధతి వైపు. దీన్ని సి.ఎఫ్.డి. అని పిలుస్తారు. ప్రవాహం నిండిన చోటును లక్షలాది చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోకి వచ్చే ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి, బయటికి పోయేవాటితో సరితూగేలా సమీకరణాలను పదేపదే సాధించడం ఇందులోని కిటుకు. వేగానికీ పీడనానికీ మధ్య ఉన్న చిక్కు సంబంధాన్ని అంచెలంచెలుగా సవరించుకుంటూ సాధించే సింపుల్ అనే పద్ధతిని 1972లో సుహాస్ పటాంకర్, బ్రయాన్ స్పాల్డింగ్ ప్రకటించారు. పటాంకర్ బొంబాయి ఐఐటీలో ఎం.టెక్ చదివి, లండన్ ఇంపీరియల్ కళాశాలలో స్పాల్డింగ్ దగ్గర డాక్టరేట్ చేసినవారు, 1980లో ఆయన రాసిన పుస్తకం ఈ విషయానికి నేటికీ తొలి పాఠ్యగ్రంథంగా నిలిచి ఉంది. పరిశ్రమల్లో వాడే సాఫ్ట్‌వేర్‌లలో పలుచోట్ల ఆ పద్ధతో దాని రూపాంతరమో దాగి ఉంటుంది.

సంక్షోభ ప్రవాహంలోని ప్రతి చిన్న సుడినీ వదలకుండా గణించాలంటే కావలసిన గడుల సంఖ్య రేనాల్డ్స్ సంఖ్యతోపాటు అంతకన్నా వేగంగా పెరుగుతుంది. రెండు పలకల మధ్య సంక్షోభ ప్రవాహాన్ని అలా పూర్తిగా గణించిన కిమ్, మోయిన్, మోజర్‌ల 1987 నాటి వ్యాసంలో, చాలా తక్కువ రేనాల్డ్స్ సంఖ్యకే దాదాపు 40 లక్షల బిందువులు అవసరమయ్యాయి. విమానం రెక్కకో, విద్యుత్ కేంద్రం బాయిలర్‌కో ఈ పద్ధతి నేటి సూపర్ కంప్యూటర్లకు కూడా అందదు. అందుచేత సుడుల ప్రభావాన్ని సగటు రూపంలో ఊహించే నమూనాలను వాడతారు, వాటిలోని స్థిరాంకాలు కొన్ని రకాల ప్రయోగాలకు సరిపోయేలా కుదిర్చినవి. అంటే తెర మీద రంగురంగులుగా కనిపించే చిత్రం వెనుక ఎవరో ఏదో వదిలేసిన నిర్ణయాలు బోలెడన్ని ఉంటాయి. సాఫ్ట్‌వేర్ మీటలు నొక్కడం వారంలో నేర్చుకోవచ్చు గానీ, గడులను మరింత చిన్నవి చేసినా జవాబు మారకుండా ఉందా, ఆ జవాబు స్వతంత్రంగా చేసిన ప్రయోగంతో కలుస్తోందా అని పరీక్షించే క్రమశిక్షణ అలవడడానికే రెండేళ్ల చదువు కావాలి. ఆ పరీక్షలు లేని థీసిస్‌ను ఎంత అందమైన బొమ్మలున్నా ఆమోదించకూడదు.

ప్రవేశానికి ప్రధాన ద్వారం గేట్ పరీక్ష. మూడు గంటల్లో 65 ప్రశ్నలకు 100 మార్కులు ఉండే ఈ పరీక్షలో వచ్చిన స్కోరు ఫలితాలు వెలువడిన నాటి నుంచి మూడేళ్లు చెల్లుతుంది, దాని ఆధారంగా చేరిన అర్హులైన ఎం.టెక్ విద్యార్థులకు నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం అందుతుంది. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ ఐఐటీ థర్మో ఫ్లూయిడ్ ఇంజినీరింగ్‌లోనూ, 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన వరంగల్ ఎన్ఐటీ థర్మల్ ఇంజినీరింగ్‌లోనూ ఎం.టెక్ అందిస్తున్నాయి. మొదటి ఏడాది గణిత పద్ధతులు, ఉన్నత థర్మోడైనమిక్స్, ప్రవాహి శాస్త్రం, ఉష్ణ బదిలీ, సి.ఎఫ్.డి. వంటివి చదివాక, దహనం, గ్యాస్ టర్బైన్లు, శీతలీకరణ, రెండు దశల ప్రవాహాల వంటి ఐచ్ఛికాల్లో కొన్నింటిని ఎంచుకుని, రెండో ఏడాదిని దాదాపు పూర్తిగా థీసిస్‌కు కేటాయించడం సాధారణ క్రమం. అమెరికాకు వెళ్లేవారికి ఇదే చదువు ఎక్కువగా మెకానికల్ ఇంజినీరింగ్ ఎం.ఎస్.లో ఒక విభాగంగా దొరుకుతుంది.

చేరదలచినవారు కళాశాల పేరుకన్నా ముందు దాని ప్రయోగశాలను చూడడం మేలు. గాలి వేగాన్ని సన్నటి వేడి తీగతో కొలిచే హాట్ వైర్ ఎనిమోమీటర్, ప్రవాహంలో కలిపిన సూక్ష్మ కణాలను లేజర్ వెలుగులో వెంటవెంటనే ఫొటోలు తీసి వేగాన్ని రాబట్టే పరికరం, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వంటివి ఉన్నాయా, ఉంటే విద్యార్థుల చేతికి ఇస్తున్నారా అని విచారించాలి. పరికరాలు లేని చోట ఎం.టెక్ అంతా సాఫ్ట్‌వేర్‌కే పరిమితమై, ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్‌ను ఒక్కదాన్నైనా స్వయంగా అమర్చి దాని పొరపాటు ఎంతో అంచనా వేయకుండానే విద్యార్థి పట్టా పుచ్చుకునే ప్రమాదం ఉంది. ఇది ఆ విద్యార్థికే కాదు, రేపు అతని లెక్కను నమ్మి యంత్రాన్ని కట్టే పరిశ్రమకూ జరిగే అన్యాయం.

చదివిన తరువాత ఎదురయ్యే సమస్యలు మాత్రం ఏమాత్రం పాతబడలేదు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు 5 వాట్ల వేడి వెలువడితే, శక్తిమంతమైన ప్రాసెసర్ చిప్ అదే వైశాల్యంలో అంతకు పదిరెట్లకు మించి వెదజల్లుతూ కూడా 100 డిగ్రీల లోపే ఉండాలి. శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్.వి.ఎం.3 రాకెట్ పై దశలో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ ముందుగా దహనకక్ష్య గోడలోని సన్నటి కాలువల గుండా పారి, గోడను కరిగిపోకుండా కాపాడి, తరువాతే మంటలోకి వెళ్తుంది. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్న స్క్రామ్‌జెట్‌లో గాలి ధ్వనికన్నా వేగంగా దూసుకుపోతుండగానే ఇంధనం కలిసి, అంటుకుని, మండడం పూర్తికావాలి. ఇంధనమే గోడల వేడిని పీల్చుకుని చల్లబరిచే ఏర్పాటుతో దాని చిన్న నమూనా దహనకక్ష్యను వారు 2025 జనవరిలో 120 సెకన్లు, ఏప్రిల్‌లో 1,000 సెకన్లకు పైగా నేల మీద నడిపించారు. మంట నిలబెట్టడం, గోడను కాపాడుకోవడం అనే రెండు సమస్యలూ ఆ ఇంజిన్‌లో విడదీయరానివి.

అయినా మంచి థీసిస్‌కు రాకెట్లే అక్కరలేదు. గుంటూరు పరిసరాల్లోని శీతల గిడ్డంగుల్లో ఎండుమిరప బస్తాలను అంతస్తులుగా పేర్చి నెలల తరబడి ఉంచుతారు. చల్లటి గాలి బస్తాల వరుసల మధ్య సందుల్లోంచి పోతుందా, లేక నిరోధం తక్కువగా ఉన్న నడవల్లోంచి చుట్టూ తిరిగి వచ్చేస్తుందా అన్న దాన్ని బట్టి, మధ్యలోని బస్తా చల్లబడడానికి ఎంత కాలం పడుతుందో, కాయలోని తేమ ఎటు కదులుతుందో, కంప్రెసర్‌కు ఎంత విద్యుత్తు ఖర్చవుతుందో తేలుతుంది. బస్తా లోపలి భాగం గాలికి రంధ్రాలు నిండిన మాధ్యమంలా ప్రవర్తిస్తే, దాని వెలుపల సహజ సంవహనమూ ఫ్యాన్ల తోపుడూ పోటీపడతాయి. ఏది ప్రధానమో, ఏది వదిలేయదగినదో ముందుగా ఏ పుస్తకమూ చెప్పదు. కొన్ని బస్తాల నడుమ థర్మోకపుళ్లు పెట్టి సీజన్ పొడవునా కొలతలు తీసి, వాటికి సరితూగే లెక్క ఒకటి నిర్మించగల విద్యార్థికి అక్కడ రెండో ఏడాది మొత్తానికి సరిపడా పని ఉంది, ఆ ఫలితం గిడ్డంగి యజమాని కరెంటు బిల్లులోనూ, రైతు సరుకు రంగులోనూ నేరుగా కనిపిస్తుంది.